శరణాలయం నుంచి కుక్కను దత్తత తీసుకోవడం ఎలా?

జంతు శరణాలయంలో ఊచల వెనక కనిపించే కుక్కకూ, మూడు నెలల తరువాత మీ ఇంట్లో తిరిగే కుక్కకూ పోలిక అంతంతమాత్రంగానే ఉండవచ్చు. చుట్టూ ఎడతెగని మొరుగుడు, అలవాటు లేని వాసనలు, పూటకో కొత్త మనిషి, తనదంటూ ఒక మూల లేకపోవడం వంటి ఒత్తిళ్ల మధ్య స్వతహాగా నెమ్మదైన కుక్క ఊచల మీదికి ఎగబడి మొరగవచ్చు, చలాకీ కుక్క గోడవైపు తిరిగి ముడుచుకుని పడుకోవచ్చు. ఆ కొద్ది నిమిషాల్లో కంటికి కనిపించినదాన్నే కుక్క స్వభావమనుకుని నిర్ణయం తీసుకోవడం దత్తతలో చాలామంది చేసే పొరపాటు. అందుచేత ఇక్కడ కుక్కను చూడడానికి వెళ్లకముందు చేయవలసిన పనులకూ, ఇంటికి తెచ్చిన తరువాతి వారాలకూ ఎక్కువ చోటు ఇచ్చాను.

ముందుగా ఇంట్లో తేల్చుకోవలసినవి

కుక్క సాధారణంగా 10 నుంచి 13 ఏళ్లు బతుకుతుంది. చిన్న జాతుల్లో 15 ఏళ్లు దాటడం అరుదేమీ కాదు, మరీ పెద్ద జాతుల్లో 8, 9 ఏళ్లకే ఆయుష్షు తీరవచ్చు. ఇప్పుడు బడికి వెళుతున్న మీ పిల్లలు చదువు ముగించుకుని ఉద్యోగంలో చేరే నాటికి కూడా ఆ కుక్క మీ ఇంట్లోనే ఉండవచ్చునన్నమాట. కాబట్టి ఉదయం దాన్ని బయటికి ఎవరు తీసుకెళతారు, అర్ధరాత్రి దానికి వాంతులైతే ఎవరు లేస్తారు, అందరూ ఊరికి వెళ్లినప్పుడు అది ఎక్కడ ఉంటుంది అనే ప్రశ్నలకు మనుషుల పేర్లతో సహా జవాబులు రాసి పెట్టుకోండి. పిల్లలు ఉత్సాహంగా ఇచ్చే మాటను ఆ లెక్కలో కలపకండి. పెద్దవాళ్లలో ఒకరైనా పూర్తి బాధ్యత తనదని ఒప్పుకోనిదే ఆ ఇంటికి కుక్కను తేవడం మంచిది కాదు.

అద్దె ఇంట్లో ఉంటే యజమాని అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. కుక్కకు లైసెన్సు అవసరమా, కొన్ని జాతులపై ఆంక్షలేమైనా ఉన్నాయా అన్నది మీరు ఉండే చోటి స్థానిక సంస్థను అడిగి తెలుసుకోండి. ఇంట్లో ఎవరికైనా ఎలర్జీ ఉన్నట్టు అనుమానం ఉంటే, వారు కుక్కలున్న చోట రెండు మూడు సార్లు కాసేపు గడిపి చూడడం అవసరం. బొచ్చు తక్కువగా ఉన్న కుక్క అయితే ఫరవాలేదన్న నమ్మకంతో ముందుకు వెళ్లకండి. ఎలర్జీ కలిగించే పదార్థాలు కుక్క లాలాజలంలోనూ, చర్మం నుంచి రాలే పొట్టులోనూ ఉంటాయి. ఇక ఖర్చు విషయానికి వస్తే, దత్తత రుసుము అందులో అతి చిన్న భాగం. తిండి, ఏటా టీకాలు, పురుగుల మందులు, ఎప్పుడో ఒకసారి తప్పక వచ్చే పెద్ద వైద్యం, ఊరెళ్లినప్పటి వసతి, ఇవన్నీ కలిపి లెక్క వేసుకోండి.

పిల్ల కావాలా, పెరిగిన కుక్క కావాలా అన్నది కూడా ఈ దశలోనే తేల్చుకోవాలి. కుక్కపిల్ల ఎన్ని నెలలదో దానికి ఒకటి కలిపితే వచ్చినన్ని గంటలకు మించి పగటిపూట మూత్రం ఆపుకోలేదన్నది ఒక కొండగుర్తు. అంటే మూడు నెలల పిల్లను కనీసం నాలుగు గంటలకోసారి బయటికి తీసుకెళ్లాలి, ఆచరణలో అంతకన్నా తరచుగానే తీసుకెళ్లవలసి వస్తుంది. రోజంతా ఎవరూ ఉండని ఇంట్లో అది సాగే పని కాదు. దీనికితోడు పిల్ల పెద్దదయ్యాక ఎంత పెరుగుతుందో, ఎలాంటి స్వభావంతో ఉంటుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. రెండేళ్లు దాటిన కుక్క విషయంలో ఆ రెండూ చాలావరకు తెలిసే ఉంటాయి. మొదటిసారి కుక్కను పెంచబోయేవారికి నేనైతే పెరిగిన కుక్కనే సూచిస్తాను. ముద్దు చూసి పిల్లను తెచ్చుకున్నా, ఆరు నెలలు తిరిగేసరికి మీ ఇంట్లో ఉండేది ఎలాగూ పెద్ద కుక్కే కదా. పిల్లనే కావాలనుకుంటే ఎనిమిది వారాలు నిండకముందు తల్లి నుంచి వేరు చేసి ఇచ్చేదాన్ని తీసుకోకండి. ఎంత గట్టిగా కరవకూడదో పిల్లలు నేర్చుకునేది తల్లి దగ్గర, తోబుట్టువులతో ఆడుతున్నప్పుడే.

శరణాలయంలో ఏమి చూడాలి, ఏమి అడగాలి

మొదటిసారి వెళ్లినప్పుడు కుక్కను ఎంచుకునే ఉద్దేశం పెట్టుకోకుండా, ఆ చోటును చూసి రావడానికే వెళ్లండి. గిన్నెల్లో శుభ్రమైన నీరు ఉందా, జబ్బుపడిన వాటిని విడిగా ఉంచుతున్నారా, పనిచేసేవారు కుక్కలను పేరుపెట్టి పిలుస్తున్నారా అన్నవి గమనిస్తే అక్కడి సంరక్షణ ఎలాంటిదో చాలావరకు తెలిసిపోతుంది. అంతకన్నా నమ్మదగిన గుర్తు ఇంకొకటి ఉంది. మంచి శరణాలయం కుక్క లోపాలను మీరు అడగకముందే చెబుతుంది. ఇది పిల్లులను తరుముతుంది, ఇది ఒంటరిగా ఉంటే తలుపులు గీరుతుంది అని చెప్పేవారి దగ్గర తీసుకోండి. అన్ని కుక్కలూ అందరితోనూ కలిసిపోతాయని చెప్పేవారి దగ్గర జాగ్రత్తపడండి. వారు మీ పని వేళల గురించీ, ఇంటి గురించీ ప్రశ్నలు వేస్తే నొచ్చుకోవద్దు. ఏ ప్రశ్నా లేకుండా కుక్కను చేతిలో పెట్టేవారు రేపు ఇబ్బంది వచ్చినప్పుడు కూడా అంతే ఉదాసీనంగా ఉండవచ్చు.

కుక్క చరిత్ర అడిగేటప్పుడు అది అక్కడికి ఎలా వచ్చిందన్న దానితో మొదలుపెట్టండి. యజమాని స్వయంగా అప్పగించిన కుక్క అయితే పిల్లలతో, ఇతర జంతువులతో అది ఎలా మెలిగిందో కొంత సమాచారం ఉంటుంది. వీధిలో దొరికినదైతే శరణాలయంలో గడిపిన రోజులే దాని చరిత్ర. ఇంతకు ముందు ఎవరైనా తీసుకెళ్లి తిరిగి తెచ్చారా అన్నది తప్పక అడగండి. తిరిగి వచ్చినంత మాత్రాన ఆ కుక్కను తోసిపుచ్చనవసరం లేదు. తెచ్చినవారు ఊరు మారిపోయి ఉండవచ్చు, లేదా ఇంటి యజమాని ఒప్పుకోకపోయి ఉండవచ్చు. కారణం తెలిస్తే అది మీ ఇంటికి వర్తిస్తుందో లేదో మీరే తేల్చుకోగలుగుతారు. ఈ వివరాలు కార్యాలయంలో కూర్చున్నవారికన్నా, రోజూ ఆ గదులు కడిగి తిండి పెట్టేవారికే ఎక్కువ తెలుస్తాయి కాబట్టి వారితో కాసేపు మాట్లాడకుండా రాకండి.

కుక్క గది ముందు ఫలకం మీద రాసిన జాతి పేరును గట్టిగా పట్టించుకోవలసిన పని లేదు. తల్లిదండ్రులెవరో తెలియని కుక్క జాతిని రూపం చూసి చెప్పడం ఊహ మాత్రమే, డీఎన్ఏ పరీక్షల్లో అలాంటి ఊహలు తరచుగా తప్పని తేలుతుంటాయి. వయసు సంగతి కూడా కొంత అలాంటిదే. కుక్కపిల్లకు 28 పాలపళ్లు ఉంటాయి, అవి ఊడి సుమారు ఏడు నెలలకల్లా 42 శాశ్వత దంతాలు వస్తాయి. అప్పటివరకు వయసును బాగానే అంచనా వేయవచ్చు. ఆ తరువాత పళ్ల అరుగుదల, వాటిపై పేరుకున్న గార చూసి చెప్పే వయసులో ఒకటి రెండేళ్ల తేడా ఉండవచ్చు.

ఆరోగ్య రికార్డు విషయంలో మాత్రం నోటిమాటతో సరిపెట్టుకోకుండా తేదీలున్న కాగితం చూడండి. వైరస్‌ల వల్ల వచ్చే ప్రమాదకరమైన జబ్బులైన పార్వో, డిస్టెంపర్, ఎడినోవైరస్‌లకు కలిపి వేసే టీకా, రేబీస్ టీకా ప్రధానమైనవి. కుక్కపిల్లలకు ఆ కలిపిన టీకాను 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 16 వారాలు నిండే వరకు మూడు నాలుగు వారాలకోసారి వేయాలి. తల్లిపాల ద్వారా వచ్చిన రోగనిరోధక శక్తి ఎప్పుడు తగ్గుతుందో తెలియదు కాబట్టి ఒక మోతాదుతో పిల్లకు రక్షణ ఏర్పడిందని అనుకోవడానికి వీల్లేదు. కడుపులో పురుగులకు మందు ఎప్పుడు వేశారు, సంతాన నిరోధక శస్త్రచికిత్స అయిందా, పిడుదుల వల్ల వచ్చే జ్వరాలకు పరీక్ష చేశారా అన్నవి అడగండి. దోమల ద్వారా వ్యాపించి గుండెలో పెరిగే పురుగు అయిన హార్ట్‌వార్మ్ ఉన్న ప్రాంతమైతే ఆ పరీక్ష గురించీ అడగండి; ఆ పురుగు సోకిన దాదాపు ఆరు నెలల వరకు సాధారణ పరీక్షలో బయటపడదు కనుక, ఒకసారి లేదని తేలినా తరువాత మళ్లీ చేయించవలసి ఉంటుంది.

కుక్కను కలిసే తీరు

ఊచల ముందు నిలబడి నేరుగా కళ్లలోకి చూడడం, వేళ్లు లోపలికి పెట్టడం, పైకి వంగి తల నిమరబోవడం అన్నవి కుక్క భాషలో బెదిరింపులు. పక్కకు తిరిగి నిలబడి, చూపు దించుకుని, అది మీ దగ్గరికి వచ్చేవరకు ఆగండి. ఆ తరువాత దాన్ని బయట నిశ్శబ్దమైన ఆవరణలోకి తీసుకురమ్మని కోరండి. గదిలోంచి బయటికి వచ్చిన కుక్క మొదటి పది పదిహేను నిమిషాలు నేల వాసన చూస్తూ, మూత్రం పోస్తూ, తాడు లాగుతూ మిమ్మల్ని పట్టించుకోకుండా ఉండవచ్చు. అది మీ మీద అయిష్టం కాదు, చాలా గంటల తరువాత దొరికిన స్వేచ్ఛ. ఆ ఆవేశం తగ్గాక కనిపించే కుక్కనే మీరు పరిశీలించాలి.

తోక ఊపడం చూసి స్నేహమనుకోవడం మనందరికీ అలవాటు. తోకను నిటారుగా, బిగువుగా నిలిపి కొసను వేగంగా కదిలించే కుక్క ఉద్రేకంలో ఉంది. తోకతోపాటు నడుము కూడా మెత్తగా ఊగుతుంటే అది సంతోషం. నిద్ర లేకుండానే ఆవులించడం, ఎదుట తిండి లేకపోయినా పెదవులు నాక్కోవడం, తల పక్కకు తిప్పుకుని కనుకొసల్లో తెల్లగుడ్డు కనిపించేలా చూడడం భయానికీ, ఇబ్బందికీ సూచనలు. వీటన్నిటికన్నా ప్రమాదకరమైనది, అంతవరకు కదులుతున్న శరీరం ఒక్కసారిగా కొయ్యబారిపోవడం. అలా జరిగినప్పుడు మీరు చేస్తున్న పని ఏదైనా వెంటనే ఆపి, నెమ్మదిగా వెనక్కి తగ్గండి.

తాకడానికి అది ఇష్టపడుతోందో లేదో తెలుసుకోవడానికి సులువైన పద్ధతి ఒకటి ఉంది. మెడ పక్కనో ఛాతీ మీదనో నాలుగైదు క్షణాలు నిమిరి చేయి తీసివేయండి. ఇంకా కావాలన్నట్టు దగ్గరికి జరిగితే ఇష్టమే. అక్కడే ఉండిపోయినా, దులుపుకుని పక్కకు వెళ్లినా ఆ రోజుకు చాలని అర్థం. అలాగే తాళపుచెవుల గుత్తి లాంటిది కొంచెం దూరంలో కింద పడేసి చూడండి. ఉలిక్కిపడడం సహజం కాబట్టి, తేరుకోవడానికి ఎంతసేపు పట్టిందన్నదే మీరు గమనించవలసింది. కొన్ని క్షణాల్లో వచ్చి ఆ వస్తువును వాసన చూసే కుక్క రద్దీగా ఉండే ఇంట్లో ఇమడగలుగుతుంది. పది నిమిషాలైనా వణుకు తగ్గని కుక్కకు ప్రశాంతమైన ఇల్లు, ఓపిక ఉన్న మనిషి కావాలి. మీది అలాంటి ఇల్లయితే దాన్ని నిరభ్యంతరంగా తీసుకోవచ్చు.

ఇంట్లో ఉండేవారంతా, ముఖ్యంగా పిల్లలు, నిర్ణయానికి ముందే ఆ కుక్కను కలిసి తీరాలి. ఇంట్లో ఇప్పటికే ఒక కుక్క ఉంటే రెండింటినీ ముఖాముఖి నిలబెట్టకుండా, రెండింటికీ కొత్తదైన చోట, ఇద్దరు మనుషులు చెరొక కుక్కను పట్టుకుని, మధ్య బాగా ఎడం ఉంచి ఒకే దిశలో నడిపించండి; అవి తేలికపడిన కొద్దీ ఎడం తగ్గించండి. కనీసం రెండు సార్లు, వేర్వేరు వేళల్లో వెళ్లండి. రెండుమూడు వారాలు తాత్కాలికంగా ఇంట్లో ఉంచుకుని చూసే ఏర్పాటు ఆ శరణాలయంలో ఉంటే దానికి మించిన పరీక్ష లేదు.

కాగితాలు, ప్రయాణం

దత్తత ఒప్పందాన్ని సంతకానికి ముందు పూర్తిగా చదవండి. ఏదైనా కారణంతో కుక్కను ఉంచుకోలేకపోతే తిరిగి తమకే అప్పగించాలన్న నిబంధన చాలా చోట్ల ఉంటుంది. అది మీకూ, కుక్కకూ మేలు చేసేదే. చర్మం కింద అమర్చే గుర్తింపు మైక్రోచిప్ ఉంటే అందులోని సంఖ్యను, ప్రామాణిక చిప్‌లో అది 15 అంకెలు ఉంటుంది, రాసుకుని ఆ నమోదులో మీ పేరు, ఫోన్ నంబరు అదే రోజు మార్పించండి. బియ్యపు గింజంత ఉండే ఆ చిప్ కుక్క ఎక్కడుందో చూపించదు. దొరికినవారు స్కానర్‌తో చదివినప్పుడు సంఖ్య మాత్రమే కనిపిస్తుంది. నమోదులో పాత వివరాలే ఉంటే ఆ సంఖ్య వల్ల ప్రయోజనం లేదు.

దత్తత తీసుకున్న కుక్కలు తప్పిపోయే ప్రమాదం తొలి రోజుల్లోనే ఎక్కువ. అది మీ ఇంటిని ఇంకా ఇల్లనుకోదు, మీ పిలుపు దానికి తెలియదు. అందువల్ల మెడపట్టీకి ఒక తాడు, ఛాతీ పట్టీకి మరొక తాడు తగిలించి తీసుకురండి. భయపడిన కుక్క వెనక్కి గుంజుకుని మెడపట్టీలోంచి తల బయటికి లాగేసుకోవడం క్షణాల్లో జరిగిపోతుంది. వాహనం తలుపు తీసేముందు తాడు చేతిలో ఉందో లేదో చూసుకోండి. దారిలో బంధువుల ఇంటికో దుకాణానికో వెళ్లకుండా నేరుగా ఇంటికే రండి.

మొదటి రోజులు

కుక్క కొత్త ఇంటికి అలవాటుపడే క్రమాన్ని మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని చెబుతుంటారు. మూడు రోజులు బెదురు, మూడు వారాలకు ఇంటి పద్ధతి తెలియడం, మూడు నెలలకు ఇది నా ఇల్లన్న నమ్మకం కలగడం దాని సారాంశం. ఇది శాస్త్రం తేల్చిన గడువేమీ కాదు, కొన్ని కుక్కలకు ఏడాది కూడా పడుతుంది. అయినా మొదటి వారంలో కుక్క నుంచి ఏమీ ఆశించకూడదని గుర్తు చేయడానికి ఇది బాగా పనికివస్తుంది.

ఇంట్లోకి తెచ్చే ముందు మూత్రానికి వెళ్లే చోటికి తీసుకెళ్లి, పని అయ్యాకే లోపలికి తీసుకురండి. ఇల్లంతా ఒకేసారి విడిచిపెట్టకుండా ఒక గదిని, అందులో రాకపోకలు లేని ఒక మూలను దానికి కేటాయించండి. అది ఆ మూలలో ఉన్నప్పుడు ఎవరూ దగ్గరికి వెళ్లకూడదన్నది పిల్లలకు మొదటి నియమం కావాలి. చుట్టుపక్కలవారిని పిలిచి చూపించడం, స్నానం చేయించడం, కొత్త పేరుతో పదేపదే పిలవడం వారం రోజులు వాయిదా వేయండి. ఒకటి రెండు పూటలు సరిగా తినకపోయినా కంగారుపడనవసరం లేదు. పెద్ద కుక్క ఒక రోజంతా ఏమీ ముట్టకపోయినా, పిల్ల రెండు పూటలు వదిలేసినా పశువైద్యుడికి చూపించండి. శరణాలయంలో పెట్టిన తిండినే కొన్నాళ్లు కొనసాగించి, తరువాత 7 నుంచి 10 రోజుల్లో కొంచెం కొంచెంగా కొత్త తిండి కలుపుతూ మార్చండి. ఉన్నట్టుండి మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి. అప్పుడు అది తిండి వల్లో జబ్బు వల్లో తెలియక మీరే ఇబ్బందిపడతారు.

ఆ తేడా తెలుసుకోవడం ఎందుకు ముఖ్యమంటే, శరణాలయంలో సోకిన జబ్బు ఇంటికి వచ్చాక బయటపడవచ్చు. పార్వో సోకిన తరువాత లక్షణాలు కనిపించడానికి సాధారణంగా 3 నుంచి 7 రోజులు, ఒక్కొక్కసారి 14 రోజుల వరకు పడుతుంది. కుక్కలు గుంపుగా ఉండే చోట ఒకదాని నుంచి ఒకదానికి అంటే కెన్నెల్ దగ్గు కూడా రెండు వారాల లోపు బయటపడుతుంది. కనుక ఇంట్లో వేరే కుక్క ఉంటే రెండు వారాలు గిన్నెలు, పడకలు విడిగా ఉంచండి. మొదటి నాలుగైదు రోజుల్లోనే రికార్డు కాగితాలతో పశువైద్యుడికి చూపించండి. ఆగకుండా వాంతులు, రక్తంతో కూడిన విరేచనాలు, పూర్తిగా నీరసించిపోవడం కనిపిస్తే మాత్రం ఆ తేదీ కోసం ఎదురుచూడకుండా అదే గంటలో బయలుదేరండి. పార్వోలో కుక్కపిల్లల ప్రాణం ఒకటి రెండు రోజుల్లోనే పోవచ్చు. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి, జైలిటాల్ కలిపిన చక్కెర లేని తీపి పదార్థాలు కుక్కకు విషంతో సమానం. ఉడికిన ఎముకలు పెళుసుగా చీలి పేగులను కోస్తాయి. మనం వేసుకునే పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ మాత్రలు దానికి వేయకండి.

ఇంట్లో మూత్రం పోస్తే తిట్టడం, ముక్కు అందులో రుద్దడం వల్ల అది నేర్చుకునేది మీ ఎదుట పోయకూడదని మాత్రమే. ఆ తరువాత బయట మీ ఎదుట కూడా పోయదు. లేచిన వెంటనే, తిన్న తరువాత, ఆడిన తరువాత బయటికి తీసుకెళ్లి, పని అయిన క్షణంలోనే చిన్న ముక్క తినుబండారం ఇవ్వండి. లోపల తడిపిన చోటును ఎంజైమ్ ఉన్న శుభ్రపరిచే ద్రవంతో తుడవండి. అమ్మోనియా ఉన్నవి వాడితే వాటి వాసన మూత్రం వాసనను పోలి ఉండి మళ్లీ అక్కడికే పిలుస్తుంది. ఒంటరిగా ఉండడం కూడా మొదటి రోజు నుంచే నేర్పవలసిన విషయం. సెలవు పెట్టి వారం రోజులు పక్కనే కూర్చుని, ఎనిమిదో రోజు పది గంటలు తాళం వేసి వెళితే అది తల్లడిల్లిపోవడంలో వింత లేదు. ఒక నిమిషం, అయిదు నిమిషాలు, అరగంట అంటూ పెంచుకుంటూ పొండి.

గిన్నె దగ్గరికి వెళితే గుర్రుమంటుందా? గుర్రుమనడాన్ని శిక్షించకండి. అది కరవడానికి ముందు ఇచ్చే హెచ్చరిక, దాన్ని అణచివేస్తే హెచ్చరిక లేకుండా కరిచే కుక్క తయారవుతుంది. గిన్నె లాక్కోవడానికి బదులు, దూరం నుంచే మరింత రుచికరమైన ముక్కను విసిరి వెళ్లిపోండి. మనిషి దగ్గరికి రావడం మేలుకేనని దానికి కొన్ని వారాల్లో తెలుస్తుంది. పిల్లలను మాత్రం కుక్క తినేటప్పుడు దరిదాపులకు వెళ్లనివ్వకండి, ఎంత సాధువైన కుక్కతోనైనా చిన్నపిల్లలను ఒంటరిగా వదలకండి. కుక్క కరిస్తే ఆ గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. రేబీస్ లక్షణాలు మొదలయ్యాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం.

కుదరకపోతే

మూడో వారంలో కుక్క ప్రవర్తన మరింత దిగజారినట్టు అనిపించడం మామూలే. బెదురు తగ్గినకొద్దీ అంతవరకు దాచుకున్న మొరుగుడు, లాగుడు, కొరుకుడు బయటికి వస్తాయి. ప్రవర్తన అకస్మాత్తుగా మారితే ముందు పశువైద్యుడితో పరీక్ష చేయించండి, ఎందుకంటే పంటి నొప్పి, చెవి పోటు, కీళ్ల నొప్పి ఉన్న కుక్క ముట్టుకోనివ్వదు. ఆరోగ్యం బాగానే ఉందని తేలితే కొట్టకుండా, బహుమతితో నేర్పే శిక్షకుడి సాయం తీసుకోండి. శరణాలయానికి ఫోన్ చేసి చెప్పడానికి మొహమాటపడకండి. వారు ఇలాంటివి ఎన్నో చూసి ఉంటారు.

అన్నీ ప్రయత్నించినా ఆ ఇంట్లో మనుషులకో, వేరే జంతువుకో, ఆ కుక్కకో భద్రత లేదనిపిస్తే తిరిగి అప్పగించడం తప్పు కాదు. వీధిలో వదిలేయడం, ముక్కూమొహం తెలియనివారికి ఇచ్చేయడం తప్పు. అప్పగించే రోజు ఆ కుక్క మీ దగ్గర ఎన్నాళ్లుంది, ఏమి తినేది, దేనికి బెదిరేది, ఎవరితో బాగుండేది, ఎక్కడ తేడా వచ్చింది అన్నది ఏమీ దాచకుండా ఒక పేజీలో రాసి ఇవ్వండి. ఊచల వెనక ఉండగా కనిపించని ఆ వివరాలు, దాన్ని చూడడానికి వచ్చే తరువాతి మనిషి చేతికి మీ వల్లనే అందుతాయి.